తల్లి పోయినా ఆగని పిల్ల

మా తాతగారి దినచర్యను ఒకప్పుడు పాత ఖతిలో, నెలకొక ఫైలుగా టైపు చేసి ఉంచాను. అసలు కాగితాలు చెదల పాలయ్యాయి. ఆ ఫైళ్ళను యూనికోడులోకి మార్చాలని ఒక రాత్రి కూర్చున్నాను. నా యంత్రం విండోస్, నా అలవాటు యునిక్స్; రెంటికీ వారధి సిగ్విన్. అందులో నా స్క్రిప్టు ఒక బ్యాచ్ ఫైలును, అది మార్పిడి ప్రోగ్రామును నడుపుతాయి. ప్రతి నెలనూ మార్చి ఒకే ఫైలు చివర చేర్చడం, పాతదాన్ని తొలగించడం దాని పని.

నెలల వరుస తలక్రిందులైనట్లు గమనించి 'కిల్' ఆదేశమిచ్చాను. 'పీఎస్' జాబితాలో వాటి జాడ లేదు. వరుస సరిదిద్ది మళ్ళీ నడిపాను. తెల్లవారి చూస్తే సంక్రాంతి వాక్యాల నడుమ దీపావళి!

యునిక్స్‌లో 15వ సంకేతం విన్నపం. ప్రోగ్రాము అన్నీ సర్దుకొని వెళ్ళవచ్చు. 9వది తిరుగులేని ఆజ్ఞ. విండోస్ ప్రోగ్రాములకు ఈ భాష రాదు. సిగ్విన్ తానెరిగిన పిల్లను నేరుగా అంతం చేసింది; ఆ పిల్లకు పుట్టిన మనుమడిని ఎరుగదు. వాడు వ్రాస్తూనే ఉన్నాడు. 'పీఎస్'కు పెద్ద డబ్ల్యూ జోడించి ఉంటే కనబడేవాడు. తల్లి బ్రతికి ఉండగానే దాని విండోస్ సంఖ్యతో 'టాస్క్‌కిల్'ను పిలిచి టీ, ఎఫ్ జోడించి ఉంటే సంతానంతో సహా ఆగేది.

ఇప్పుడు ఏ వాక్యం ఏ పండుగదో అమ్మనడిగి సర్దుతున్నాను. ఆమెకు చాలా గుర్తున్నాయి, అన్నీ కాదు. నకలు తీయకుండా పని మొదలుపెట్టిన మనుమడిని మాత్రం నేనే.