కాడియు మెడయు

పల్నాటి సీమలో నడికుడి ఒక రైలుకూడలి. గుంటూరు–సికింద్రాబాదు మార్గమునుండి మాచర్లకు పోవు శాఖ ఇచ్చటనే చీలును. గురజాల ఆ శాఖమీదనే కలదు. అయినను, నలువది ఏండ్ల క్రిందట నేను గురజాలలో చదువుకొను దినములలో రైలు వేళలు మా తరగతుల వేళలకు కుదరలేదు. పది కిలోమీటర్లకు మించిన ఆ తారురోడ్డుపై ప్రతిదినము పోయి వచ్చుటకు నాకు సైకిలే దిక్కయ్యెను.

ఆ యేడు మా నాయన మిరపకాయలమ్మిన సొమ్ములో కొంత నా చేతిలో పెట్టి, "తొక్కువాడవు నీవు. నీవే చూచి కొనుక్కొనుము" అనెను. దుకాణములో నల్లని సైకిళ్లు వరుసగా నిలిచియుండెను. అవన్నియు మా నాయన తొక్కు సైకిలు వంటివే. వాని నడుమ ఎఱ్ఱని సైకిలొకటి మెఱయుచుండెను. దాని హాండిలు పొట్టేలు కొమ్మువలె క్రిందికి వంగియుండెను. టైర్లు మిక్కిలి సన్నము. దుకాణము ముందు దానిపై రెండు చుట్లు తిరిగితిని. గాలిలో తేలినట్లుండెను. నల్ల సైకిలును ఎక్కి చూడవలెనన్న తలంపే నాకు కలుగలేదు.

మొదటి వారము గర్వముతో గడచెను. రెండవ వారము మెడ పట్టుకొనెను. పిమ్మట నడుము నొచ్చెను. నెల తిరుగునప్పటికి అరచేతులు మొద్దుబాఱెను. హాండిలు అంత క్రిందుగా నుండుటచే నా శరీరభారములో చాల భాగము చేతులమీదనే పడుచుండెను. బిగువుగా గాలి నింపిన సన్నని టైర్లు రోడ్డుమీది ప్రతి గులకరాతి కుదుపును నా మణికట్టునకు చేర్చుచుండెను. ఒకనాడు పరీక్ష వ్రాయుచుండగా ఉంగరపు వ్రేలును, చిటికెన వ్రేలును నా మాట వినలేదు. కలము జాఱిపడెను. సగము ప్రశ్నలకు జవాబులు వ్రాయకయే కాగితము ఇచ్చివేసి వచ్చితిని.

ఈ సంగతి నాయనతో ఎట్లు చెప్పుదును? ఆ సొమ్ము వెనుక ఒక యేటి కష్టము కలదు. సైకిలును ఎన్నుకొన్నవాడను నేనే. మఱునాడు కడుపునొప్పి యని అబద్ధమాడి ఇంట నుంటిని. ఆ మఱునాడును అట్లే చేసితిని. చదువు మానివేసిన బాగుండునను ఆలోచన కూడ నాలో మొలకెత్తెను.

మూడవనాటి రాత్రి భోజనము చేయుచుండగా అన్నపు ముద్ద నా చేతినుండి జాఱుట నాయన చూచెను. అప్పుడేమియు అడుగలేదు. చేతులు కడుగుకొనిన పిదప నన్ను దీపము దగ్గఱకు పిలిచి, ఎద్దు మెడను తడిమినట్లు నా అరచేతిని తడిమి చూచెను.

"కాడి ఒరసి ఎద్దు మెడ పుండు పడినచో కాడిని చెక్కుదుమా, మెడను చెక్కుదుమా?" అని అడిగెను.

"కాడినే" అంటిని.

"మఱి నీవు మెడను చెక్కుకొనుచున్నావేమి, అబ్బాయీ?"

నాకు ఏడుపు వచ్చెను. ఆయన కోపపడియుండినచో నేను అంతగా ఏడ్చియుండను.

తెల్లవాఱగనే ఇద్దరము మా ఊరి సైకిలు షాపునకు పోయితిమి. షాపు నడుపు పెద్దాయన మొదట నన్ను నడిమి కడ్డీకి అటునిటు పాదములు నేల నానించి నిలువుమనెను. కడ్డీకిని నాకును మధ్య రెండు మూడు వ్రేళ్ల సందుండెను. "సైకిలు ఎత్తు నీకు సరిపోయినది. తక్కినవి మార్చవచ్చును" అనెను. తరువాత సీటుపై కూర్చుండబెట్టి, క్రిందనున్న పెడలుపై మడమ నుంచుమనెను. అట్లుంచినపుడు కాలు చక్కగా చాగవలెను. పాదము ముందు భాగముతో తొక్కునపుడు మోకాలు కొంచెము వంగవలెను. నా సీటు క్రిందుగా నుండుటచే దానిని పైకెత్తెను. కొమ్ముల హాండిలు తీసివేసి, సీటుకంటె కొంచెము ఎత్తుగా నుండు హాండిలును బిగించెను. ఆ సైకిలుకు పట్టినంత వెడల్పు టైర్లు వేసి, గాలిని మఱీ బిగువుగా కాక నింపెను.

నేను మెత్తని దిండు వంటి సీటు కావలెనంటిని. ఆయన నవ్వి, "దూరము పోవువానికి అది మేలు చేయదు. కూర్చున్నపుడు బరువు మోయునవి పిరుదులలోని రెండెముకలు. అవి మెత్తదనములో దిగబడినచో నడిమి కండ నలిగి తిమ్మిరెక్కును. వాని వెడల్పునకు సరిపోవు తోలుసీటు గట్టిదైనను మంచిది. తొక్కగా తొక్కగా అది నీ రూపము పట్టును" అనెను.

ఎఱ్ఱ సైకిలు చెడ్డది కాదు. పందెములో గాలిని చీల్చుకొని పోవువానికి వంగిన హాండిలు ఉపకారియే. నాకు పందెముతో పని లేకుండెను.

ఆ కార్తికమున నాయన తన నల్ల సైకిలుపైనను, నేను నా సైకిలుపైనను కారెంపూడి వీరుల ఉత్సవములకు పోయితిమి. నాగులేటి ఒడ్డున దిగి, నా పది వ్రేళ్లను మూసి తెఱచి ఆయనకు చూపితిని. ఆయన తలయూపి ఏటి నీటితో ముఖము కడుగుకొనెను.

చాల ఏండ్లకు ఒక సంగతి చదివితిని. బెల్ఫాస్టు నగరమున నివసించిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపు తగ్గించుటకై చక్రములకు గాలి గొట్టములను చుట్టి చూచెను. ఆ గాలి టైరునకు 1888లో పేటెంటు పొందెను. అతడు వృత్తిచే పశువైద్యుడు! అది చదువగనే మా నాయన జ్ఞాపకమునకు వచ్చెను.

ఇప్పుడు మా ప్రాంతము మీదుగా పోవు అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి నాలుగు వరుసలుగా విస్తరించినది. దుకాణములలో గేర్ల సైకిళ్లు ఎన్నో రకములు వచ్చినవి. ఏది కొనవలెనని పిల్లలు నన్ను అడుగుచుందురు. వారితో ఇట్లందును: "దుకాణము ముందు రెండు చుట్లు తిరిగి కొనకుడు. అటువంటి దానినే ఎవరినైన అడిగి తీసికొని గంటకు మించి తొక్కి చూడుడు. అప్పుడు ఎచ్చట నొచ్చునో అచ్చట సైకిలును మార్చుడు. కొనిన పిదప నొప్పి కలిగినచో, అది మీరు ఎన్నుకొన్నదే యైనను, ఇంటిలో చెప్పుటకు సిగ్గుపడకుడు."