ఏరువాక తాడు ముందు మా ఎద్దులు

మా ఉరవకొండ సీమలో ఆరుద్ర కార్తె వచ్చేసరికి పొద్దు బాగా పొడుగవుతుంది. జూన్ 21 ప్రాంతంలో పగలు దాదాపు 13 గంటలు ఉంటుంది. డిసెంబరులో అది పదకొండుంబావుకు దిగుతుంది. ఈ లెక్క మేము గడియారం చూసి నేర్చుకోలేదు. మా దాదీ వాకిట్లో రోకలి నిలబెట్టి నేర్పింది. మే నెల మొదట్లో పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది, నీడ కాళ్ళ కింద దాక్కుంటుంది. అప్పటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. తక్కిన కాలమంతా ఉత్తరానికే. అన్నిటికంటే పొడుగు పగటి రోజున అయిదడుగుల మనిషి నీడ దక్షిణానికి జానెడు ఉంటుంది. "జానెడు నీడ పడిందంటే గొర్రు బాగు చేసుకోవాల, జడ్డిగం కడుక్కోవాల" అనేది దాదీ. ఆమె బడి మొహం చూడలేదు.

ఏరువాక పున్నమి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. అది జ్యేష్ఠ పున్నమి కాబట్టి ఒక్కో ఏడు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. 2016లో జూన్ 20న వచ్చింది. 2024లో జూన్ 21న పగలు పొడుగైన రోజూ, ఏరువాకా కలిసే వచ్చాయి. మా పడమటి దిక్కున, బళ్ళారి వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు దీన్నే కార హుణ్ణిమె అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కుప్పెలు తొడిగి, ఓళిగలు తినిపించి, సాయంత్రం ఊరి ముందర ఆకులు కట్టిన తాడు కిందికి పరుగెత్తిస్తారు. ముందు దాటింది తెల్లదా ఎర్రదా అని చూసి, ఆ ఏడు ఏ పైరు పండుతుందో చెప్పుకుంటారు.

ఈ పండుగ ఏ ఒక్క కులం చేత్తో అయ్యేది కాదు. లాడాలు కొట్టే సాయబు రావాల. గొర్రు చెక్కే వడ్రంగి, కర్రు సాగదీసే కమ్మరి, పగ్గాలూ వారులూ ఇచ్చే మాదిగ పెద్ద, గంపలూ చాటలూ అల్లే ఎరుకల అక్క, తప్పెట కొట్టేవాళ్ళు, ఇంతమంది ఉంటేనే ఏరువాక. తెలుగువాళ్ళు ఎద్దు అంటారు, కన్నడంవాళ్ళు ఎత్తు అంటారు, సాయబులు బైల్ అంటారు, మేము బళద్ అంటాం. ఏ పేరుతో పిలిచినా అది చెవులు రిక్కిస్తుంది.

మేము సుగాలీలం. రైలు రాకముందు మా పెద్దలు ఎద్దుల వీపున ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగారు. మా సేవాలాల్ బాపు పుట్టింది ఈ జిల్లాలోనే, గుత్తి దగ్గర, 1739లో. ఆయనా ఎద్దుల మందలతో తిరిగినవాడే. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది. గుట్టల కింద రాళ్ళ నేల పట్టుకుని సేద్యానికి దిగాం. మోతకు పనికొచ్చిన ఎద్దే మడక్కీ పనికొచ్చింది. ఆషాఢంలో సీత్లా యాడికి మొక్కి, పశువుల మీద గుగ్గిళ్ళు చల్లడం మా సొంత పండుగ. ఏరువాక మాత్రం ఊరితో కలిసి చేసుకునేది.

కలిసి అన్నాం గానీ, ఆ కలయికలో ఒక వరస ఉండేది. ముందు ఊరి పెద్దల ఎద్దులు, వెనక తక్కినవాళ్ళవి, అందరూ అయినాక, తాడు తెగి నేల మీద పడినాక, తండా ఎద్దులు. మా బా ఎద్దుల పగ్గం పట్టుకుని చీకటి పడేదాకా వేపచెట్టు కింద నిలబడేవాడు. తెగిన తాడు మీద నడిపించి ఇంటికి తోలుకొచ్చేవాడు. ఎందుకని మేము అడిగితే, "ఎద్దుకు తెలియదులేరా" అనేవాడు. ఎద్దుకు తెలియకపోవచ్చు. ఆయనకు తెలుసు.

ఒకప్పుడు మా తండాలో ఇంటికొక జత ఉండేది. ట్రాక్టర్లు వచ్చాయి, మేత కరువైంది, బోర్లకు చేసిన అప్పులకు ఎద్దులు సంతకు పోయాయి. పిల్లలు బెంగుళూరు కట్టడాల పనికి పోయారు. ఊళ్ళోనూ అంతే. 2024 ఏరువాకకు ఊరు మొత్తం వెదికితే ఒక్క జత మిగిలింది. మా తండాలో మూడు జతలున్నాయి. "మీ ఎద్దులు తోలుకొస్తేనే ఈసారి పండగ" అని ఊరి నుంచి కబురొచ్చింది.

ఆ రాత్రి నాయక్ ఇంటి ముందర అందరం కూర్చున్నాం. "ఇన్నేళ్ళు చివర నిలబెట్టినారు, ఇప్పుడు అవసరమై పిలుస్తున్నారు, పోవద్దు" అన్నారు కుర్రవాళ్ళు. "పోకపోతే తాడు కట్టేవాళ్ళే ఉండరు, రేపు మన పిల్లలకు ఏం చూపిస్తాం?" అన్నారు ఆడవాళ్ళు. మాట మాట పెరిగింది. చివరికి దాదీ అంది: "పోండి. పోయి వరసలో నిలబడండి, వెనక కాదు. అడిగి నిలబడండి."

మేము అడిగాం. ఊరి పెద్దలు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయబు తాతే ముందు నోరు తెరిచాడు: "నాలుగు జతలకు ముందేంది, వెనకేందయ్యా?" నాలుగు జతలూ పక్కపక్కన నిలబడ్డాయి. తప్పెట మోగింది. మా ఎర్ర ఎద్దు తాడు తెంపింది. ఒక్క క్షణం ఎవరూ ఈల వేయలేదు. తర్వాత అందరూ వేశారు. ఆ ఒక్క క్షణాన్నీ మేము మరిచిపోలేదు, ఆ ఈలల్నీ మరిచిపోలేదు. గుడి మెట్ల దగ్గర మాత్రం పాత వరసే నడిచింది. అదీ రాసిపెట్టాలి, లేకపోతే ఈ కథ అబద్ధమవుతుంది.

పొద్దు పొడుగైన రోజును లోకంలో చాలామంది పండుగ చేసుకుంటారు. స్వీడన్‌లో కంబం నాటి చుట్టూ ఆడతారు. కెనడాలో అక్కడి మూలవాసుల దినం 1996 నుంచి జూన్ 21నే జరుపుతున్నారు. వాళ్ళలో చాలామంది తాతల కాలం నుంచి ఆ రోజును పండుగ చేసుకున్నవాళ్ళే కాబట్టి ఆ తేదీ ఎంచుకున్నారు. ఇది చదివినప్పుడు మాకు దాదీ రోకలి గుర్తొచ్చింది. మా లెక్క కూడా లెక్కేనని ఎవరో ఒప్పుకున్నట్టు అనిపించింది.

పండుగ అయిన ఏడాదికే మూడింట్లో ఒక జత అప్పు కింద పోయింది. తాడు తెంపిన ఎర్ర ఎద్దు అందులోదే. సంతకు తోలుకుపోయిన రోజు తండాలో పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. ఇప్పుడు మేము ఒక మాట అనుకుంటున్నాం. ఊరూ తండా కలిసి చందా వేసుకుని ఒక జతను ఉమ్మడిగా కొనాలి, మేత వంతుల వారీగా వేయాలి. ఆరు నెలలు ఊళ్ళో, ఆరు నెలలు తండాలో కట్టేయాలి. ఊళ్ళో కొందరు సరేనన్నారు, కొందరు నవ్వారు. చందా పుస్తకం మాత్రం తెరిచాం. మొదటి పేరు సాయబు తాతది, రెండోది ఎరుకల అక్కది. తక్కిన గీతలు ఖాళీగానే ఉన్నాయి. నీడ మళ్ళీ దక్షిణానికి జానెడు పడేలోగా అవి నిండాలి.