బంజారా కొండలకి ఏ నెలలో రావాలి?

మార్చి నెల మధ్యకి వచ్చేసరికి మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. తెనాలి నుంచి బాబాయి, రాజమండ్రి నుంచి మేనత్త, ఖమ్మం నుంచి తోడల్లుడు. అందరిదీ ఒకటే పాట. "పరీక్షలు అయిపోతున్నాయి, పిల్లల్ని తీసుకుని వస్తున్నాం. ఫిలింనగర్ చూపించాలి. ఎవరయినా హీరో కనిపించేట్టు చూడరా!" నేను జూబిలీహిల్స్ దిగువన అద్దెకుంటున్న పాపానికి, హీరోలందరూ నాకు చెప్పే గడప దాటతారని మావాళ్ళ నమ్మకం. "తప్పకుండా రండి, మే నెలలో మాత్రం వద్దు" అంటాను. తప్పించుకుంటున్నాననుకుంటారు. అంచేత ఈసారి కారణాలన్నీ కాగితం మీద పెడుతున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే చిత్తగించండి.

మన హైదరాబాదు ఉన్నది పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర. ఏడాదికి రెండు రోజులు, మే 9 ప్రాంతాన ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతాన మరోసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పడదు. పిల్లలకి ఇది తమాషాగానే ఉంటుంది. కెమెరామెన్‌ని అడగండి, మొహం చిట్లిస్తాడు! పైనుంచి పడే ఎండకి కళ్ళ గుంటల్లో నీడ పేరుకుని, ఎంత అందగత్తె అయినా జబ్బుమనిషిలా కనిపిస్తుంది. అందుకే ఎండాకాలం ఔట్‌డోర్ అంటే పొద్దున్నా సాయంత్రమూ తీస్తారు. మిట్టమధ్యాహ్నం గొడుగుల కింద కూర్చుంటారు. లేదా అసలు ఎండే లేని దేశానికి పోతారు, కాకుంటే ఏసీ ఫ్లోర్లో దూరుతారు. ఇక మీరు చూసేదేమిటి? స్టూడియో గోడా, గేటూ, గేటు దగ్గర వాచ్‌మెనూ. మే నెలలో తెనాలి నుంచి వచ్చి వాచ్‌మెన్‌ని చూసిపోవడం ఏం సరదా చెప్పండి!

పైగా ఈ కొండలన్నీ నల్లరాతి గుండ్లు. పగలంతా తాగిన ఎండని రాత్రి మెల్లగా కక్కుతాయి. రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారే, ఇక్కడ రోళ్ళు కొండంతేసి ఉంటాయి. న్యాయం చెప్పాలంటే మే నెలకీ కొంత సొగసుంది. తురాయి చెట్లు ఎర్రగా మండుతుంటాయి, బంగినపల్లి పళ్ళు చవకవుతాయి, బెజవాడ ఉక్కలాగా చొక్కా వీపుకి అతుక్కోదు. ఊరు సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది కనక తెల్లవారుజామున కాస్త గాలీ వస్తుంది. కాని ఆ గాలి కోసం అంత దూరం రానక్కర్లేదు.

సరే, మృగశిర వచ్చింది. తొలకరి పడింది. నన్నడిగితే ఈ కొండలు నిజంగా అందంగా ఉండేది అప్పుడే. బూడిదరంగు గుండ్లు తడిసి నల్లగా నిగనిగలాడతాయి. కేబీఆర్ పార్కులో నెమళ్ళు అరుస్తుంటాయి. 1998లో నేషనల్ పార్కు చేశారు దీన్ని, ఊరి నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల అడవి. ఆషాఢంలో పెద్దమ్మ గుడికి బోనాలు వస్తాయి. ఇంత బాగుంటే మరి రమ్మనవేం అంటారా?

ఆ వాన ఎక్కడికి పోతుందో చెప్పాలి. జూబిలీహిల్స్ మీద పడ్డ నీళ్ళు జూబిలీహిల్స్‌లో ఉండవు. దిగువన కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లోకి దిగుతాయి. పెద్ద వాన వస్తే అక్కడ స్కూటర్లు కొట్టుకుపోవడం నా కళ్ళతో చూశాను. ఆ సందుల్లో ఉండేదెవరు? జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, ఏనాటికయినా డైరెక్టరవుదామని వచ్చిన కుర్రాళ్ళు. ఔట్‌డోర్ వానకి కేన్సిలయితే పెద్దవాళ్ళకి ఒక రోజు సెలవు, వీళ్ళకి ఒక రోజు కూలి పోయినట్టు. ఆ మీదట ఆషాఢం కదా, కొత్త సినిమాలకి ముహూర్తాలు తక్కువ. మా పక్కవాటాలో ఉండే లైట్‌మెన్ ఇల్లాలు ఆ నెలంతా కిరాణాకొట్టు పుస్తకం చూసుకుని భయపడుతుంటుంది. ఇంతా చేసి, తెరమీద మీరు చూసే వాన చాలావరకు ట్యాంకరు నీళ్ళే! వెనకనుంచి లైటు కొడితేగాని చినుకు కెమెరాకి కనపడదు. అసలు వాన పడితే మట్టుకు ప్యాకప్పు.

భారీ వాన అంటే ఇక్కడ మామూలుగా ఉండదు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. ఏడాది మొత్తానికి పడేదే ఎనభై సెంటీమీటర్ల చిల్లర!

చలికాలం సంగతి అందరూ చెప్పేదే. రవీంద్రనాథ్ టాగూరు ఈ కొండలకి వచ్చింది కూడా 1933 చివర్లోనే. అప్పటికి మెహదీ నవాజ్ జంగ్ ఈ గుట్టల మధ్య, బండల్ని పగలగొట్టకుండా వాటినే గోడలుగా కలుపుకుని ఇల్లు కట్టుకున్నాడు. చుట్టూ బంజారాల తండాలు, ఆ పేరే కొండలకి మిగిలింది. అక్కినేని నాగేశ్వరరావు 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో తెరిచింది 1976 జనవరిలో. ఆ తరవాత 1983లో కృష్ణ పద్మాలయా, 1989లో రామానాయుడి స్టూడియో. మద్రాసునుంచి ఒక పరిశ్రమ మొత్తం ఈ రాళ్ళమీదికి ఎక్కింది. జనవరిలో ఎండ ఏటవాలుగా పడుతుంది, మధ్యాహ్నం కూడా హాయిగా నడవచ్చు, నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులూ అయితే ఊరు ఊరంతా ఆంధ్రాకి పోతుంది. బంజారాహిల్స్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్టు ఆడుకోవచ్చు. కాని సంక్రాంతికి సొంత ఊరు వదిలి హైదరాబాదు వచ్చేవాడెవడు? మా బాబాయి అయితే రాడు. ఇంకోటి, జనవరికల్లా గడ్డి ఎండిపోతుంది, గుండ్లమీద దుమ్ము, పొద్దున్నే పొగమంచూ పొగా కలిసిపోతాయి. చల్లగా ఉంటుందే తప్ప కొండ కొండలా ఉండదు.

ఇక నా మాట. దసరా వెళ్ళాక, కార్తీక పౌర్ణమి లోపల రండి. వానలు వెనక్కి పోయి ఆకాశం కడిగినట్టుంటుంది, ఆకుపచ్చ ఇంకా పోలేదు, దుర్గం చెరువు నిండుగా ఉంటుంది. ముహూర్తాలు జోరుగా సాగుతుంటాయి, యూనిట్లు బయటికి వస్తుంటాయి. పిల్లల బడి అంటారా, దసరా సెలవుల చివర్లో రండి, లేదా దీపావళికి రెండు రోజులు బడి మానిపించండి. కొంప మునిగిపోదు. ఒక్క జాగ్రత్త. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వినపడితే టిక్కెట్టు వాయిదా వేసుకోండి. 2020 అక్టోబరు 13 రాత్రి ఊళ్ళో కాలనీలకి కాలనీలే మునిగిపోయాయి.

వచ్చాక ముందు స్టూడియో గేట్లకి పోకండి. తెల్లారగట్ల ఆరింటికి కృష్ణానగర్‌లో ఏదో ఒక టీ బంకు దగ్గర నిలబడండి. సినిమా అక్కడ మొదలవుతుంది. యూనిట్ బస్సులు వచ్చి ఆగుతాయి, పోలీసులూ పెళ్ళివారూ కాలేజీ అమ్మాయిలూ కాబోయే జనమంతా సంచులు పట్టుకుని ఎక్కుతారు. వాళ్ళతో మాట కలపండి, చెబుతారు. ఎండ ముదరకముందే కేబీఆర్ పార్కు ఒక చుట్టు తిరగండి. సాయంత్రం ఫిలింనగర్ దైవసన్నిధానం మెట్లెక్కండి.

పోతూ పోతూ దారిలో గంపలు పెట్టుకుని సీతాఫలాలమ్మే వాళ్ళుంటారు, ఆ నెలలు వాటివే. అదే రోజు తినడానికయితే కళ్ళు విచ్చినవి తీసుకోండి. రైల్లో ఊరికి మోసుకుపోవాలంటే గట్టివి అడగండి, మెత్తబడితే తెనాలి చేరేసరికి సంచీ అంతా గుజ్జే.