అద్దె సైకిలు



అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ గురించి తరచు చెబుతుంటారు. పేరు ఒకటే గాని అది మనమెరిగిన కాలిబంతి కాదు, ప్రధానంగా చేతులతో ఆడే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు జట్టుకు మెదడువంటివాడట. ఆ కుర్రవాని ఆట చూడడానికి లక్షమంది పట్టే క్రీడాంగణాలున్నాయి. మేటి ఆటగాళ్ళ చదువు వ్యయమంతా విశ్వవిద్యాలయమే భరిస్తుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు తులసీదాస్ బలరాం గారు స్మరణకు వస్తారు.

సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన నిరుపేద బిడ్డ ఆయన. ఆయన ఆట సయ్యద్ అబ్దుల్ రహీం గారి కంటబడింది. రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షకులుగా ప్రసిద్ధులు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు కావడం నావంటి వానికి గర్వకారణం. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. ఎడమచేతితో ఓనమాలు దిద్దించడం వంటిదే అది! లోపమున్నచోట సాధన చేయించడమే గదా గురువు పని?

అమ్ముగూడ నుండి నగరానికి రోజూ వచ్చి అభ్యాసం చేసే తాహతు బలరాం గారికి లేదు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం గారే డబ్బు ఇచ్చారు. విశ్వవిద్యాలయపు విద్యార్థివేతనం ఎక్కడ, ఒక పంతులు జేబులోని అద్దె డబ్బు ఎక్కడ! అయినా ఆ సైకిలు చాలా దూరం పోయింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులో బలరాం గారున్నారు. ఆ జట్టు నాలుగవ స్థానం పొందింది. 1957లో ఆయన కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. 1961లో ఆయన నాయకత్వంలోనే ఆ జట్టు కలకత్తా లీగు గెలిచింది. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ, పెరూ జట్లమీద ఆయన గోలు చేశారు. రెండు ఆటలూ మనం ఓడినవే, కాని హంగరీ వంటి మహాజట్టుతో మన ఓటమి 1-2 మాత్రమే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం గెలిచిన జట్టులోనూ ఆయన ఉన్నారు. చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం - ఆ త్రయం పేరు నేటికీ కలిపే చెబుతారు.

ఆ మరుసటి ఏడే, 1963 జూన్‌లో, రహీం గారు కాన్సర్‌తో కన్నుమూశారు. అదే సంవత్సరం ఊపిరితిత్తుల వ్యాధి బలరాం గారి ఆటను ఆపివేసింది. అప్పటికి ముప్పై ఏళ్ళయినా నిండలేదు! తోటివారిద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఆయనకు అర్జున పురస్కారంతో సరి. బెంగాలులోని ఉత్తర్‌పాడాలో శేషజీవితం గడిపి 2023 ఫిబ్రవరి 16న పరమపదించారు.

మా నవాబుపేట వంటి ఊళ్ళలో సాయంత్రం బడి మైదానం చూడండి. పాదరక్షలు లేకుండా పరుగెత్తే పిల్లలలో గాలిని చీల్చుకుపోయేవాడు ఒకడైనా ఉంటాడు. వాడి ప్రతిభకు కొదవ లేదు. వికారాబాదు దాకా, అక్కడినుండి హైదరాబాదు దాకా పోవడానికి ఛార్జీలకే కొదవ. ఆ పిల్లవాణ్ణి గుర్తుపట్టే కన్ను ఒకటి, జేబులోకి పోయే చేయి ఒకటి ఉంటే చాలుననిపిస్తుంది. ఉద్యోగ విరమణ చేసినవారికి ఆ రెండూ ఉండడం అసాధ్యం కాదు.

బలరాం గారి ఆటను కళ్ళారా చూసినవారు మీ ఇళ్ళలో పెద్దలెవరైనా ఉంటే, వారిచేత నాలుగు మాటలు చెప్పించి ఇక్కడ వ్రాయ ప్రార్థన. అవి మన భాషలో నిలవాలి.