చిరుగు ఎక్కడ పడుతుంది?

మన కథల్లోనూ గేయాల్లోనూ కష్టజీవి కనిపించిన చోటల్లా చిరుగుల బట్ట కూడా కనిపిస్తుంది. అది సహజమే. కాని ఆ చిరుగు ఎక్కడ పడిందో, ఎందువల్ల పడిందో చెప్పిన రచయితలు బహు తక్కువ. మోకాటి దగ్గర చిరిగిందా? జేబు మూల చిరిగిందా? రెండు కాళ్ళూ కలిసే చోట చిరిగిందా? చిరుగును బీదతనానికి గుర్తుగా వాడుకున్నంతకాలం ఈ ప్రశ్నలతో పనిలేదు. శ్రమను గురించి రాయదలచినవాడికి మాత్రం ఇవి తప్పవు. బీదతనం బట్టను మార్చనివ్వదు, అంతే. దాన్ని ఫలానా చోట చింపేది పని. బరువులు మోసేవాడి పంట్లాం తొడమీద అరుగుతుంది. నేలమీద పలకలు పరిచేవాడిది మోకాటి దగ్గర పోతుంది. పనిముట్లు జేబులో దోపుకునేవాడిది జేబు మూల నుంచి విడిపోతుంది. చదవటం తెలిస్తే చిరుగు కూడా ఒక వాక్యమే.

నాకీ చదువు అబ్బింది బట్టల కొట్లో.

మా బావమరిది ఇనపపని చేస్తాడు. రేకుల షెడ్లు, గేట్లు, మెట్ల కటకటాలు - ఎక్కడ కట్టుబడి జరుగుతుంటే అక్కడికి వెల్డింగు మిషను తీసుకుపోయి ఎండలో పనిచేస్తాడు. 2024 మే నెలలో ఒక షెడ్డు మీద కూచుని వెల్డింగు చేస్తూ ఉండగా నిప్పురవ్వ ఒకటి అతని తొడమీద పడింది. ఒంటిమీద ఉన్నది పాలియెస్టరు పంట్లాం. పాలియెస్టరు సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. వెల్డింగు రవ్వ వేడి దానికి ఎన్నో రెట్లు. నూలు బట్ట అయితే కాలి బొక్కపడేది, కింద చర్మం కందేది. ఈ బట్ట కరిగి చర్మానికి అంటుకుపోయింది. గాయం మానటానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కూలి లేదు. పనిలో పెట్టుకున్న మేస్త్రీ పరామర్శకు వచ్చి, "చూసుకోవద్దటయ్యా!" అని వెళ్ళాడు.

ఆ పంట్లాం పనికోసం కొన్నది కాదు. అది మొదట అతని పెళ్ళిచూపులకు పనికివచ్చింది. తరవాత పండగలకూ, ఆ తరవాత ఊరు ప్రయాణాలకూ పనికివచ్చి, రంగు వెలిసినాక షెడ్డు ఎక్కింది. మనలో చాలా ఇళ్ళల్లో పనిబట్ట అనేది కొనే వస్తువు కాదు, మిగిలే వస్తువు. ఉద్యోగి ముసలివాడయాక పని మానుకుంటాడు. బట్ట ముసలిదయాక పనిలోకి దిగుతుంది. అన్నిటికన్నా గట్టిగా ఉండవలసిన బట్ట, తీరా పనివేళకు, అన్నిటికన్నా పలచబడి ఉంటుంది.

"ఈసారి పనికనే కొత్తది కొనుక్కుంటాను బావా, మీరు కూడా రండి," అన్నాడు గాయం మానినాక. ఇద్దరం చీరాల బజారుకు వెళ్ళాం.

కొట్టువాడు ముందుగా తీసి పరిచింది సాగే జీన్సు. "ఎంత లాగినా చిరగదు సార్!" అన్నాడు నాతో, ఆ పంట్లాం నాకే అన్నట్టు. మా బావమరిది వాదం పెట్టుకోలేదు. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, బయటికి తీసుకుపోయి అగ్గిపుల్ల వెలిగించాడు. నూలు పోగు కాగితం మాదిరి కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు పోగు ముడుచుకుపోయి, కరిగి, నల్లని గట్టి పూస అవుతుంది. రెండూ కలిపినదైతే బూడిదలో పూస చేతికి తగుల్తుంది. ఆయన గారి జీన్సులో పూస తగిలింది. ఈ పరీక్ష మా బావమరిదికి నేర్పింది అతనితోపాటు పనిచేసే పెద్దవాడొకడు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు.

అంతమాత్రం చేత పాలియెస్టరును తిట్టిపొయ్యనక్కర్లేదు. బురదలోనూ వానలోనూ పనిచేసేవాడికి కలనేత గుడ్డే మేలు. అది తొందరగా ఆరుతుంది, రాపిడికి ఎక్కువకాలం ఆగుతుంది. నిప్పు దగ్గరా కరెంటు తీగల దగ్గరా పనిచేసేవాడికి మాత్రం అది శత్రువు. గట్టిగుడ్డ ఏది అని అడిగితే జవాబు లేదు. ఏ పనికి గట్టిది అని అడిగితేనే జవాబు ఉంటుంది.

రెండో ప్రశ్న నేతను గురించి. పడుగు, పేక అన్న మాటలు తెలుగు పాఠాలు చెప్పేవాళ్ళకు ఉపమానాలుగా బాగా తెలుసు. నేను పాఠం చెప్పేది మగ్గాల ఊళ్ళో గనక, ఆ మాటలు ఉపమానాలు కాని పిల్లలు కూడా నా క్లాసులో ఉంటారు. సాదా నేతలో పేక ఒక పడుగు పోగు మీదుగా, ఒక పోగు కిందుగా పోతుంది. ట్విల్లు నేతలో రెండో మూడో పోగులను ఒక్కసారిగా దాటుతుంది. వరస వరసకూ ఒక్కొక్క పోగు జరుగుతుంది గనక గుడ్డమీద ఏటవాలు గీతలు తేలుతాయి. చిరుగు పట్టినప్పుడు సాదా నేతలోని పోగులకు కదిలే వీలుండదు. ఒకదాని తరవాత ఒకటి విడివిడిగా తెగిపోతాయి. ట్విల్లులో పోగులు పక్కకు జరిగి, నాలుగైదు ఒక్కచోట చేరి బరువు పంచుకుంటాయి. అందుకే అదే నూలుతో నేసినా ట్విల్లును చింపటం కష్టం. ఇందులో రాజకీయోపమానం వెతికే పాఠకుణ్ణి నేను ఆపను.

జీన్సు గుడ్డా ట్విల్లే, ఖాకీ డ్రిల్లూ ట్విల్లే. వెల్డరు ఏది కొనాలి? పని పంట్లాలకు పేరుపడిన జీన్సు గుడ్డ చదరపు గజం 12 ఔన్సులు తూగుతుంది, అంటే చదరపు మీటరుకు దాదాపు 400 గ్రాములు. చలిదేశంలో అది కవచం. రోహిణి కార్తెలో, రేకుల మీద, 44 డిగ్రీల ఎండలో అది శిక్ష. ఎండదెబ్బ తగిలి పడిపోయినవాడికి గుడ్డ ఎంత గట్టిదయినా ఒకటే. అందుచేత మేము జీన్సు మాని, అందులో మూడింట రెండు వంతుల బరువుండే అచ్చమైన నూలు డ్రిల్లు కొన్నాం.

ఇక్కడ చరిత్ర మనను కొంచెం వెక్కిరిస్తుంది. పనివాళ్ళ పంట్లాలకు ఇంగ్లీషువాళ్ళు వాడే "డంగరీ" అన్న మాట బొంబాయిలోని డోంగ్రీ నుంచి పోయింది. అక్కడ అమ్మిన ముతక నూలు గుడ్డ పేరు అది. "ఖాకీ" అంటే దుమ్మురంగు. పెషావరులో 1846లో ఏర్పడిన గైడ్సు దళం నుంచి ఆ బట్ట లోకమంతా పాకింది. ఒకప్పుడు మన కడప సీమ నీలిమందుకు విదేశీ మార్కెట్టులో ప్రత్యేకించి ఒక పేరే ఉండేది. లోకంలోని పనిబట్టకు పేర్లూ, గుడ్డా, రంగూ ఇచ్చిన దేశంలో పనివాడు పెళ్ళిచూపుల పంట్లాంతో షెడ్డు ఎక్కుతున్నాడు.

మూడో ప్రశ్న కుట్టును గురించి. నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. కొట్లో దొరికే పంట్లాం నిలబడేవాడికీ, కుర్చీలో కూచునేవాడికీ కుట్టింది. మన తాపీమేస్త్రీ, రాయి కొట్టేవాడు, వెల్డరు - వీళ్ళు పనిలో సగంకాలం గొంతుక్కూచుని ఉంటారు. అట్లా కూచున్నప్పుడు గుడ్డ వెనకనుంచి బిగిసి, లాగుడంతా నాలుగు కుట్లు కలిసే ఒక్క బిందువు మీద పడుతుంది. కుట్టు విడిపోయేది అక్కడ. అది పనివాడికి నవ్వులపాలయే చిరుగు గనక దాన్ని ఎవడూ పైకి చెప్పుకోడు. కవిత్వంలోకి కూడా అది రాలేదు. గోచిపోసి పంచె కట్టిన రైతుకు ఈ బాధ లేకపోయింది. గోచిలో కుట్టే లేదు, తెగటానికి. పంచె పోయి పంట్లాం వచ్చినప్పుడు మనం గౌరవం సంపాదించుకున్న మాట నిజమే. కూచునే తీరు మాత్రం మారలేదు, దాన్ని లెక్కలోకి తీసుకునే కత్తిరింపు రాలేదు.

అటువంటి కత్తిరింపు లేకపోలేదు. పైజమాలు కుట్టే పాతకాలపు దర్జీలు కాళ్ళు కలిసే చోట నలుచదరపు ముక్క ఒకటి మూలగా వేస్తారు. అప్పుడు నాలుగు కుట్లూ ఒక్క బిందువు దగ్గర కలవవు, లాగుడు నాలుగు వైపులకూ పంచబడుతుంది. మన నిఘంటువుల్లో "చల్లడం" అనే మాట ఉంది, పొట్టి లాగు అని దాని అర్థం. లాగు మనకు దొరలు తెచ్చిన వింత కాదు. మేము వెళ్ళిన దర్జీకి సంగతి వివరించబోతే, "పైజమాకు వేసే ముక్కేగా, దానికింత ఉపన్యాసమెందుకండీ?" అన్నాడు.

మిగతా కొలతలు మా బావమరిది చెప్పాడు. మోకాళ్ళకు రెండు పొరలు. కాలి అంచు పైకి మడవకూడదు. మడతలో నిప్పురవ్వ దాక్కుంటుంది. జేబులకు మూతలుండాలి, కారణం అదే. పాలియెస్టరు దారంతో కుట్టకూడదు. గుడ్డ నిలిచినా కుట్టు కరుగుతుంది. కాళ్ళ కుట్టు రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి జంటకుట్టు వెయ్యాలి. ఇవన్నీ అతను గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఇంత తెలిసినవాడు ఇన్నాళ్ళూ కుట్టించుకోకపోవటానికి అజ్ఞానం కారణం కాదని అప్పుడు స్పష్టమయింది.

కారణం లెక్కలో ఉంది. రెండు పంట్లాలకు గుడ్డా కుట్టుకూలీ కలిసి 2,300 రూపాయలయింది. బజార్లో పాలియెస్టరు పంట్లాం 350కి దొరుకుతుంది, నాలుగు నెలలు వస్తుంది. రెండు మూడేళ్ళ లెక్క చూస్తే మొదటిదే చవక. కాని వారం కూలితో బతికేవాడి చేతికి రెండు మూడేళ్ళ లెక్క ఎన్నడూ ఒక్కసారిగా రాదు. అసలు ఆ 2,300 ఎవరు పెట్టాలి? పని చేయించుకునేవాడు పెట్టాలి. పెద్ద ఫాక్టరీలో అయితే అడగటానికి ఒక గేటయినా ఉంటుంది. ఇక్కడ ఇల్లుగలాయన కాంట్రాక్టరును చూపిస్తాడు, కాంట్రాక్టరు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ పనివాడి కాళ్ళవంక చూసి, "చూసుకోవద్దటయ్యా!" అంటాడు.

పనిబట్ట ఎట్లా పుడుతుందో తెలుసుకోవాలంటే అమెరికాలో జరిగిన ఒక సంగతి చూడాలి. నెవాడా రాష్ట్రంలో రీనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. 1870 ప్రాంతంలో ఒక కట్టెలుకొట్టేవాడి భార్య వచ్చి, తన భర్తకు త్వరగా చిరగని పంట్లాం కుట్టమంది. డేవిస్ ముతక గుడ్డతో కుట్టి, గుర్రపు దుప్పట్లకు వాడే రాగి రివెట్లను జేబు మూలల్లో దిగగొట్టాడు. అది పనివాళ్ళల్లో పాకిపోయింది. పేటెంటు తీసుకునే డబ్బు అతని దగ్గర లేదు. తనకు గుడ్డ అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లీవై స్ట్రాస్‌కు ఉత్తరం రాశాడు. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. లోకానికి మిగిలిన పేరు వర్తకుడిది. మొదటి ప్రశ్న అడిగిన ఆ ఇల్లాలిని తలుచుకునేవాళ్ళు అంతకన్నా తక్కువ. చిరుగు ఎక్కడ పడుతున్నదో రోజూ సూదీ దారం పట్టి చూసిన మనిషి ఆవిడ.

ఆ పంట్లాం ఆ తరవాత ఏమయిందో మనకు తెలుసు. పనిచెయ్యని వాళ్ళు వేసుకోవటం మొదలుపెట్టారు. తరవాత దానికి అరుగుదల కావలసివచ్చింది, చిరుగులు కూడా కావలసివచ్చాయి. కొత్త జీన్సును పాతదిగా కనిపించేట్టు చెయ్యటానికి ఫాక్టరీల్లో దానిమీదికి ఇసకను వేగంగా చిమ్మేవారు. టర్కీలో ఆ పనిచేసిన యువకులు అనేకమంది ఇసక దుమ్ము పీల్చి సిలికోసిస్ పాలయారు, కొందరు చనిపోయారు. 2009లో ఆ ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. చేయని పనికి గుర్తులు గుడ్డమీద పుట్టించటం కోసం, పనిచేసేవాడి ఊపిరితిత్తులు పోయాయి.

సాహిత్యానికి దీంతో ఏమి సంబంధం అని ఈ పత్రిక పాఠకులు అడగరనుకుంటాను. పనిలో పడిన చిరుగు ఒకటి, అలంకారంగా పెట్టిన చిరుగు ఒకటి. రెండూ దూరాన్నుంచి ఒక్కమాదిరిగానే కనిపిస్తాయి. కథలో పనివాడి బట్ట మోకాటి దగ్గర చిరిగి ఉంటే, అతను మోకాళ్ళమీద చేసే పని ఏదో ఆ కథలో ఉన్నదా అని విమర్శకుడు అడగవచ్చు. లేకపోతే ఆ చిరుగును రచయిత ఇసక చిమ్మి పుట్టించినట్టే. కరుణ వల్ల రాసినా సరే, దాని ఖరీదు ఎవరో చెల్లిస్తారు: తన పనిని గురించి ఇంత తెలిసిన మనిషి ఆ కథలో వట్టి జాలిబొమ్మ అయి నిలబడతాడు.

మా బావమరిది కొత్త పంట్లాలు కుట్టించుకుని ఏడాది దాటింది. నలుచదరపు ముక్క చెక్కు చెదరలేదు. తొడమీద రవ్వలు పడి ఆవగింజలంత బొక్కలు పది పన్నెండు ఉన్నాయి, చర్మం మీద కొత్త మచ్చ లేదు. ఎడమ మోకాటి పైపొర అరిగి లోపలి పొర కనిపిస్తోంది, కుడి మోకాలు కొత్తదానిలాగే ఉంది. ఎడమ మోకాలు ఆనించి, కుడికాలు నిలిపి పనిచేస్తాడని ఆ పంట్లాం చూసిన వాళ్ళెవరికయినా తెలుస్తుంది. వచ్చేసారి ఎడమ మోకాటికి మూడు పొరలు వేయించుకుంటానంటున్నాడు. అతనితోపాటు పనిచేసేవాళ్ళు మరి నలుగురు అదే దర్జీ దగ్గరికి వెళ్ళి కొలతలిచ్చారు. ఈసారి గుడ్డ డబ్బు మేస్త్రీ పెట్టాలని అయిదుగురూ కలిసి అడుగుతున్నారు. ఆయన ఇంకా ఏ జవాబూ చెప్పలేదు.