రుద్రపూర్ మట్టి బడి

గోడకు దగ్గరగా నిలబడితే మట్టిలో కలిసిపోయిన వరిగడ్డి పోచలు కనిపిస్తాయి. బంగ్లాదేశ్ వాయవ్య మూలన, దినాజ్‌పూర్ జిల్లాలోని రుద్రపూర్ అనే పల్లెలో ఉంది ఈ బడి. చుట్టూ వరి చేలు, చెరువులు, వెదురు పొదలు. గోదావరి జిల్లాలు ఎరిగినవాళ్లకు ఈ నేల కొత్తగా అనిపించదు. ఆశ్చర్యపరిచేది బడి ఒక్కటే. రెండంతస్తుల ఇల్లు, కింది అంతస్తు మట్టి, పై అంతస్తు వెదురు. రెండూ చుట్టుపక్కల దొరికినవే.

దీపశిఖ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఈ బడి పేరు మెటి. ఆనా హెరింగర్ అనే జర్మన్ యువతి పందొమ్మిదేళ్ల వయసులో ఆ సంస్థలో పనిచేయడానికి వచ్చి ఏడాది పాటు ఇక్కడి పల్లెల్లో గడిపారు. తర్వాత ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్కిటెక్చర్ చదివి, 2004లో పట్టా కోసం ఈ బడినే గీశారు. బెర్లిన్ ఆర్కిటెక్ట్ ఐకె రోస్వాగ్ తోడయ్యారు. 2005 సెప్టెంబరులో మొదలుపెట్టి డిసెంబరుకల్లా కట్టేశారు. 2007లో దీనికి ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ పురస్కారం వచ్చింది. ఆ సంగతి అలా ఉంచి గోడ దగ్గరికే వెళ్దాం, నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

ఈ ప్రాంతంలో మట్టి ఇళ్లు ముందునుంచీ ఉన్నవే. కాకపోతే పునాది లేకుండా నేల మీదే గోడ లేపేవారు. వానాకాలంలో కిందినుంచి చెమ్మ పాకి గోడ మొదలు కుళ్లేది, పదేళ్లు తిరిగేసరికి ఇల్లు కూలేది. అందుకే కాస్త డబ్బు చేతికొస్తే ఇటుక వైపు చూసేవారు. హెరింగర్ బృందం మట్టిని వదల్లేదు, మట్టికి కావలసిన కాపుదల కల్పించింది. అరమీటరు లోతున ఇటుక పునాది వేసి సిమెంటు పూశారు. దాని మీద బజారులో దొరికే పాలిథిన్ పట్టాను రెండు పొరలుగా పరిచారు, చెమ్మ అక్కడే ఆగిపోతుంది. పైన రేకుల చూరును బాగా బయటికి సాచారు. నీళ్లు కింది నుంచి ఎక్కకూడదు, పై నుంచి గోడకు కొట్టకూడదు. ఈ రెండూ చూసుకుంటే మట్టి నిలుస్తుంది. మన ఊళ్లలో పాత మిద్దెలు కట్టిన పెద్దలకు ఇది చెప్పనక్కర్లేదు, ఇంజనీరింగు పుస్తకాల్లో మాత్రం దీనికి చోటు చాలా తక్కువ.

గోడ పెట్టిన తీరు కూడా మనకు తెలిసిందే. ఒండ్రుమట్టిలో నీళ్లు, వరిగడ్డి వేసి పశువుల చేత తొక్కించారు. ఆ ముద్దను సుమారు రెండడుగుల ఎత్తున ఒక వరుసగా పెట్టి, కొన్ని రోజులు ఆగి, పదునైన పారతో రెండు పక్కలా నిలువుగా చెక్కారు. వారం పాటు ఆరనిచ్చాక మరో వరుస. చెక్కినప్పుడు రాలిన మట్టి మళ్లీ ముద్దలోకే పోయింది. కూలిన మట్టిగోడ మళ్లీ తడిపితే మట్టే, కాల్చిన ఇటుక మాత్రం మళ్లీ మట్టి కాదు.

బంగ్లాదేశ్‌లో ఈ తేడా చాలా పెద్దది. దేశంలో రాయి దాదాపు లేదు. గోడకు ఇటుకే, కాంక్రీటులో కంకరకు బదులు కొట్టిన ఇటుక ముక్కలే. పంట పండే పైమట్టిని తవ్వి బట్టీల్లో కాలుస్తారు, ఆ పొగ ఊళ్ల మీదే పడుతుంది. ఈ జిల్లాలోనే కాంతాజీ మందిరం ఉంది. 1752లో పూర్తయిన ఆ గుడి గోడల నిండా కాల్చిన మట్టి పలకల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉన్నాయి. దేవుడికోసం కాల్చిన ఆ పలకలను చూసి మైమరచిపోయాను. కానీ ప్రతి ఊళ్లో ప్రతి బడికీ అంత కట్టెలు, అంత బొగ్గు కాల్చాలా అన్న ప్రశ్న ఆ గుడి దగ్గరే నాకు గట్టిగా తగిలింది.

లోపలికి వస్తే కింద మూడు తరగతి గదులు. ప్రతి గది వెనక గోడలోనూ గుండ్రటి గుమ్మాలు, వాటిలోంచి పాకుతూ వెళ్తే మెత్తటి వంపుల మట్టి గుహలు. పిల్లలు వాటిలో దూరి చదువుకోవచ్చు, ముడుచుకుని కూర్చోవచ్చు, ఊరికే ఉండవచ్చు. నూట అరవై ఎనిమిది మంది పిల్లలకోసం వేసిన ప్లానులో ఒంటరిగా ఉండాలనిపించిన ఒక్క పిల్లకు చోటు ఉంచడం గొప్ప ఆలోచన. బడి అంటే బల్లలు, బోర్డు, కిటికీ అనుకునే మన డిజైన్లలో ఇలాంటి చోటు నాకు ఎప్పుడూ కనబడలేదు.

మందపు మట్టిగోడ ఎండను నెమ్మదిగా తాగుతుంది, గాలిలో చెమ్మ ఎక్కువైతే కొంత పీల్చుకుంటుంది. పై అంతస్తుది వేరే పద్ధతి. అక్కడ రెండు గదులు, వెదురు దూలాలు, వెదురు బద్దల గోడలు. ఆ సందుల్లోంచి గాలి, వెలుతురు సన్నగా లోపలికి వస్తాయి. కప్పు రేకులే, కానీ కింద రంగు రంగుల చీరల గుడ్డ కట్టారు.

అక్కడ కూర్చుని ఉంటే మన ఒంటిపూట బడులు గుర్తుకొచ్చాయి. మార్చి సగం దాటగానే మధ్యాహ్నం పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నాం. ఆ ఎండకు శ్లాబు కింది గదిలో కూర్చోబెట్టలేం కాబట్టి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి పథకాలు బడులకు మరుగుదొడ్లు, తాగునీళ్లు, బల్లలు, ఫ్యాన్లు ఇచ్చాయి. అవి ఎంత అవసరమో ఆడపిల్లల తల్లుల్ని అడిగితే చెబుతారు. కానీ గది తనంతట తాను చల్లగా ఉండాలన్న మాట ఇలాంటి పనుల జాబితాలో మొదటి వరుసకు రావాలి. కోనసీమకు, మహబూబ్‌నగర్‌కు ఒకే డ్రాయింగు చాలదు. కోనసీమలో వెడల్పు చూరు, గాలి తోలే గోడలు కావాలి. మహబూబ్‌నగర్‌లో రాయి ఉంది, మందపు గోడ ఉంది. వాటితో కట్టగల మేస్త్రులు ఇంకా ఉన్నారు, వాళ్ల తర్వాత ఆ పని ఎవరికి వస్తుందన్నదే నా దిగులు.

రుద్రపూర్‌లో ఆ దిగులుకు జవాబు బడి పక్కనే దొరికింది. బడి కట్టిన ఊరి పనివాళ్లకు మట్టి, వెదురు పని చేతికొచ్చింది. 2008లో దీపశిఖకే ఎలక్ట్రికల్ శిక్షణ కేంద్రం కట్టారు. ఊళ్లో కుటుంబాలకు రెండంతస్తుల మట్టి ఇళ్లు లేచాయి. ఆ తర్వాత ఆనందాలయం వచ్చింది. కింద వికలాంగులకు చికిత్స కేంద్రం, పైన ఊరి ఆడవాళ్లు బట్టలు కుట్టే గది. 2020లో దానికి ఒబెల్ పురస్కారం ఇచ్చారు. కట్టినవాళ్లలో వికలాంగులూ ఉన్నారు. చక్రాల కుర్చీ పైదాకా వెళ్లేలా భవనం చుట్టూ ఏటవాలు దారి వంపు తిరుగుతూ ఎక్కుతుంది. కింద గోడలు కూడా ఆ వంపునే అనుసరిస్తాయి, మట్టి కనుక ఏ అచ్చూ లేకుండా చేత్తో తిప్పుకోగలిగారు. సిమెంటుకు, ఉక్కుకు ఊరు దాటి పోవాల్సిన డబ్బులో చాలా భాగం ఇక్కడ ఊరివాళ్లకే కూలిగా అందింది.