తాడు చివర బియ్యం

కాకినాడలో ఓడ దగ్గరికి వెళ్లాలంటే ముందు ఓడ కానిదాన్ని పట్టుకోవాలి. జగన్నాథపురం వంతెన దాటాక ఉప్పుటేరు పొడుగునా వరసగా కట్టేసి ఉండే బార్జీలవి. నేను చూసినవాటిలో చాలావాటికి ఇంజను లేదు. పొడుగాటి ఇనప తొట్టి, వెనకాల పనివాళ్లు తల దాచుకునే చిన్న గది, అంచుల చుట్టూ వేలాడే పాత లారీ టైర్లు, అంతే. లారీలో వచ్చిన బియ్యం బార్జీలోకి దిగుతుంది. టగ్గు ఆ బార్జీని ఓడ దాకా లాక్కెళ్తుంది. అక్కడ ఓడ క్రేను మళ్లీ ఎత్తుకుంటుంది. ఒక్కో గోతాన్ని ఇన్నిసార్లు ఎత్తి దించే రేవు ఈ కాలంలో ఇంకా ఎలా బతికి ఉందో చూద్దామనే బయల్దేరాను.

సంక్రాంతి వెళ్లిన వారం అది. ఎగుమతుల ఆఫీసులో గుమస్తాగా చేసే మిత్రుడు పాసు ఇప్పించాడు. టగ్గు నడిపే సారంగుకి ఫోను చేసి, “మేస్టారొస్తున్నారు, కాస్త చూపించి తీసుకురండి” అని చెప్పాడు. తెల్లారకముందే నేను రేవుకి చేరేసరికి ఆఖరి లారీ ఖాళీ అవుతోంది. యాభై కిలోల గోతం వీపున వేసుకుని హమాలీలు చెక్క మీదుగా బార్జీలోకి దిగుతున్నారు. అడుగు పడినప్పుడల్లా చెక్క వంగి లేస్తోంది. అది లేచే ఊపుకి తరవాతి అడుగు కలవాలి, కలవకపోతే బరువంతా మోకాలి మీదికి వస్తుంది. పక్కనే ఒక కుర్రాడు గొట్టంలాంటి ఇనప పుల్లని గోతంలో గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని నూక ఎంత ఉందో చూస్తున్నాడు. గోతాల మీద ఫ్రెంచి అక్షరాలున్నాయి. కాకినాడ బియ్యంలో చాలా భాగం వెళ్లేది పశ్చిమ ఆఫ్రికాకే. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్ వాళ్ల వంటిళ్లలో మన గోదావరి జిల్లాల బియ్యం, ఛత్తీస్‌గఢ్ నుంచి లారీల్లో దిగిన బియ్యం ఉడుకుతున్నాయి.

సారంగు అరవయ్యేళ్ల మనిషి. లుంగీ, బనీను, మెడలో తువ్వాలు. నన్ను చూడగానే మొదట చెప్పిన మాట: “తాడు మెలికలో మాత్రం కాలెట్టకండి మేస్టారూ. మిగతాదంతా మీ ఇష్టం, ఆయ్.”

ఉప్పుటేరులో ఉన్నంతసేపూ బార్జీని టగ్గుకి పక్కనే బిగించి కట్టారు. ఇరుకు కాలవలో పొడుగు తాడుతో లాగితే, వెనకున్న బార్జీ మలుపు దగ్గర ఊగి, కట్టేసి ఉన్న పడవల మీదికి వెళ్లిపోతుంది. పక్కన కట్టుకుంటే రెండూ ఒకే పడవైపోతాయి, చుక్కాని మాట వింటాయి. పోటు మీద బయల్దేరాం. పాటు సమయంలో మొగ దగ్గర నీళ్లు తగ్గిపోతాయి, నిండు బార్జీ అడుగు మేటలో కూరుకుపోతే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. ఈ రేవులో గడియారం కంటే పోటుపాట్లకే విలువ. ఆ సంగతి తెలియని కొత్త గుమస్తాలు పొద్దుటే ఫోను చేసి “ఇంకా బయల్దేరలేదా” అని అరుస్తుంటారట. సారంగు దానికి జవాబు చెప్పడు, ఫోను కళాసీ కుర్రాడి చేతికిస్తాడు.

మొగ దాటాక అసలు పని మొదలైంది. పక్క కట్లు విప్పి బార్జీని వెనక్కి వదిలారు. మణికట్టు కంటే లావుగా ఉన్న మోకు టగ్గు కొక్కెం నుంచి జారుతూ పోయింది. ముందు నీళ్లలో మునిగి మెత్తగా వేలాడింది. టగ్గు కదిలేకొద్దీ పైకి లేచి బిగుసుకుంది. బిగిసేటప్పుడు పేటల మధ్య నుంచి నీళ్లు పిండినట్టు కారాయి, తాడు కిర్రుమంది. అక్కడే ఆపేస్తారనుకున్నాను. సారంగు ఇంకా వదలమన్నాడు. మధ్యలో తాడు కాస్త నీళ్లలోకి వేలాడితేనే మంచిదట. అల వచ్చి బార్జీ వెనక్కి గుంజితే ముందు ఆ వేలాడే భాగం సాగుతుంది, దెబ్బ కొక్కేనికి తగలదు. తాడు మరీ పొట్టిదైతే ప్రతి అలకీ కుదుపే, ఏదో ఒక అలకి తెగుతుంది. తెగిన మోకు వెనక్కి కొడితే మనిషి కాలు మిగలదు. మెలికలో కాలు పెట్టొద్దని ముందే చెప్పింది అందుకే.

“గేదెని తోలుకెళ్లడం వేరు, లాక్కెళ్లడం వేరండి. తోలితే ఆగుతాది. లాగితే, మనం ఆగినా అది ఆగదు” అన్నాడు. బార్జీకి బ్రేకు లేదు. టగ్గు వేగం తగ్గించినా వెనకున్న వందల టన్నులు అదే ఊపులో వస్తూనే ఉంటాయి. తాడు సడలి పంకాకి చుట్టుకుంటే టగ్గు కూడా బార్జీలాగే దిక్కులేనిదైపోతుంది. అంతకంటే భయపెట్టేది ఇంకోటుంది. టగ్గు ఒక వైపు తిరిగి బార్జీ ఇంకో వైపు పోతే తాడు టగ్గు పక్కకి వస్తుంది, బార్జీ బరువు టగ్గుని అడ్డంగా లాగి నిమిషంలో బోర్లా వేసేస్తుంది. లోకంలో చాలా టగ్గులు మునిగింది ఇలాగే. కొక్కేనికి చప్పున వదిలేసే మీట ఉంది. దాని పక్కనే గొడ్డలి కూడా ఉంది. మీట పని చెయ్యకపోతే గొడ్డలి.

అంతర్జాతీయ నియమాల ప్రకారం లాగుతున్న టగ్గు రాత్రిపూట స్తంభం మీద ఒకదాని కింద ఒకటిగా రెండు తెల్ల దీపాలు, లాగుడు 200 మీటర్లు దాటితే మూడు పెట్టాలి. వెనక దీపానికి పైన పసుపు దీపం వెలగాలి. “దీపాలు మేం ఎడతాం. చదివేవోడేడండీ?” అన్నాడు సారంగు. ఆయన భయం చేపల పడవల గురించి. ముందు టగ్గు వెళ్లిపోయింది, వెనక ఏదో నల్లగా దూరంగా ఉంది, మధ్యలో దారి ఖాళీగా ఉందనుకుని ఇంజను పడవ రెండింటి మధ్యకి దూరుతుంది. నీళ్లలో ఉన్న తాడు కనపడదు. మేం వెళ్తుండగా పట్టపగలే ఒక పడవ అలా వచ్చింది. కళాసీ కుర్రాడు వెనక్కి పరిగెత్తి, తువ్వాలు ఊపుతూ పడవవాళ్ల వంశాన్నంతా పేరుపేరునా పలకరించాడు. వాళ్లు నవ్వుతూ పక్కకి తిప్పుకున్నారు.

కుడిచేతి వైపు హోప్ ఐలాండ్ మడచెట్ల గీతలా సాగుతూ వచ్చింది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకని కెరటాలు ఉత్తరానికి నెడుతూ నెడుతూ గడిచిన రెండు వందల ఏళ్లలో కట్టిన దీవి అది, పొడుగు దాదాపు 16 కిలోమీటర్లు. బంగాళాఖాతం పెద్ద కెరటాలని అదే అడ్డుకుంటుంది. అది లేకపోతే అడుగు బల్లపరుపుగా ఉన్న బార్జీని సముద్రంలో ఓడ పక్కన కట్టడం కలలో మాట. అయితే అడ్డం నిలబడిన ఆ గోదావరి మట్టే దీవికీ ఒడ్డుకీ మధ్యనున్న అఖాతాన్నీ పూడుస్తోంది. ఒడ్డు దగ్గర లోతు లేదు, పెద్ద ఓడలు లోపలికి రాలేవు, దూరాన లంగరేసి నిలబడతాయి. కాకినాడకి దక్షిణాన కోరంగి ఒకప్పుడు ఈ తీరానికే పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టింది. జగన్నాథపురంలో డచ్చివాళ్ల స్థావరం 1825లో ఆంగ్లేయులకి దక్కింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవల మీద సరుకు ఇటు దిగడం మొదలయ్యాక కాకినాడ పెరిగింది. అప్పుడూ ఓడలు దూరానే ఆగేవి. సరుకు నావల మీద వెళ్లేది, తెరచాపా తెడ్లూ నడిపేవి.

గంట పైన నడిచాక ఓడ దగ్గరైంది. కింద నుంచి చూస్తే ఎర్ర రంగు గోడ. సగం నిండినట్టుంది, నీటి గీతకి పైన ఇంకా చాలా ఎరుపు కనబడుతోంది. బార్జీని చేర్చేటప్పుడు సారంగు మాట్లాడడం మానేశాడు. తాడు పొట్టి చేసి, మళ్లీ పక్కకి కట్టుకుని, ఇంజను కాసేపు ముందుకీ కాసేపు వెనక్కీ తిప్పుతూ టైర్లు నలిగేంత మెల్లగా ఆనించాడు. ఓడ కదలదు, బార్జీ మాత్రం లేస్తూ దిగుతూ ఉంటుంది. తాడు నిచ్చెన ఎక్కేవాళ్లు బార్జీ పైకి లేచినప్పుడే కాలు మార్చాలి. నేను ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అడగలేదు కూడా.

బార్జీలో జట్టు స్లింగులు పరిచి, గోతాలు పేర్చి, కొసలు కొక్కేనికి తగిలించింది. మేస్త్రి చెయ్యెత్తి వేళ్లు ఆడించగానే క్రేను కట్టని ఎగరేసింది. కట్ట కింద ఎవరూ నిలబడరు. కొక్కేనికి తగిలిస్తూనే నాలుగడుగులు వెనక్కి వెయ్యడం వాళ్ల ఒంటికి పట్టిపోయింది. గోతం చిరిగితే గింజలు వానలా రాలతాయి. వాటిని ఊడ్చి పక్కన పోగేసి, మళ్లీ గోతంలోకి ఎత్తుతారు. అసలు వాన వస్తే పని బందు. ఓడ మూతలు మూసుకుంటాయి, బార్జీ మీద టార్పాలిన్లు పడతాయి, జట్టు కింద చేరి పేకముక్కలు తీస్తుంది. తడిసిన గోతం ఒకటి లోపలికి వెళ్తే నెల ప్రయాణంలో పక్కనున్న పదింటినీ పాడుచేస్తుంది.

మధ్యాహ్నం టగ్గులో చేపల పులుసు, ఉప్పుడు బియ్యం అన్నం. తింటూ సారంగు చెడ్డ రోజుల గురించి చెప్పాడు. ఆయన లెక్కలో తుపాన్లు మొదట రావు, 1996 నవంబరుది తప్ప. మొదట వచ్చేవి ఢిల్లీ ఉత్తర్వులు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపారు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం మొత్తం ఆపారు, 2024 సెప్టెంబరు చివరి దాకా. ఉప్పుడు బియ్యం సుంకం కట్టి వెళ్తూనే ఉన్నా, సగం బార్జీలు ఉప్పుటేరులో తుప్పు పట్టాయి. ఆ తరవాత 2024 నవంబరు ఆఖర్లో రేషన్ బియ్యం గొడవ. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి “సీజ్ ద షిప్” అన్నాక తనిఖీలు పెరిగాయి. “దొంగబియ్యం పట్టుకోవాల్సిందేనండి. కానీ తనిఖీ అయ్యేదాకా బార్జీలో ఉన్నోడికి కూలెవడిస్తాడు?”

నాకు తెలిసిన చదువుకున్నవాళ్లలో చాలామంది ఈ రేవుని వెనకబాటు అంటారు. 1997లో పక్కనే లోతు నీటి రేవు వచ్చింది, ఓడ నేరుగా గోడకి ఆనుతుంది. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ ఓడలు వారాల తరబడి బారులు తీరితే, బియ్యానికి కూడా ఆ రేవు తలుపులు తీశారు. ఖర్చు లెక్క చూస్తే వాళ్లదే నిజం. రెండుసార్లు ఎత్తి దించే సరుకుకి కూలీ ఎక్కువ, ఆలస్యం ఎక్కువ, చిరుగులు ఎక్కువ. కానీ ఆ ఎక్కువ అంటున్నదంతా ఇక్కడ ఒకడి చేతికి వెళ్తోంది. హమాలీ, కళాసీ, సారంగు, టార్పాలిన్ కుట్టేవాడు, టగ్గుకి డీజిలు పోసేవాడు, జట్టుకి టీ మోసే మనిషి. సముద్రం లోతుగా ఉండుంటే వీళ్లలో సగం మంది ఈ ఊళ్లో ఉండేవాళ్లు కాదు. కాకినాడకి గోదావరి ఇచ్చిన పంటల్లో ఈ మేట కూడా ఒకటని నా అభిప్రాయం. గోతాలు మోసి నడుం పోయినవాళ్ల దగ్గర ఈ మాట అనడానికి మాత్రం నాకు నోరు రాదు. యాభై కిలోల గోతం బరువు తగ్గించాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

తిరుగు ప్రయాణంలో వేరే బార్జీ, ఖాళీది. తేలిగ్గా ఉంటుంది కదా అనుకుంటాం. ఖాళీ బార్జీ నీళ్ల పైన ఎత్తుగా లేచి ఉంటుంది, మధ్యాహ్నపు సముద్రగాలి దాని ఒంటికి తగిలి పక్కకి తోస్తుంది. నిండు బార్జీ బుద్ధిగా వెనకే వచ్చింది, ఇది తాడు కొసన కుడికీ ఎడమకీ ఊగుతూ వచ్చింది. మొగ దగ్గర సారంగు గాలికి ఎదురుగా టగ్గుని నిలిపి, తాడు లాగించి, బార్జీని పక్కకి కట్టించుకున్నాడు. ఆ తతంగానికి పట్టినంత సేపు మిగతా దారికి పట్టలేదు.

రేవులో ఇంకో నిండు బార్జీ సిద్ధంగా ఉంది. గుమస్తాలెవరో గట్టు మీద నుంచి చేతులు ఊపుతున్నారు. సారంగుకి నన్ను దింపి మర్యాదలు చేసే తీరిక లేదు. పోటు ఇంకా కాసేపే ఉంటుంది. “గబుక్కున దూకెయ్యండి మేస్టారూ, మళ్లీ ఎప్పుడన్నా రండి” అని ఒక చేత్తో నన్ను గట్టు వైపు నెడుతూ, రెండో చేత్తో కళాసీకి తాడు చూపించాడు.